ఎలక్ట్రాన్ ఇచ్చింది లోహమా, లిగాండా? ల్యాబ్‌లో తేల్చుకునే పద్ధతి

మీ దగ్గర ఒక నికెల్(2+) కాంప్లెక్స్ ఉంది. డైక్లోరోమీథేన్‌లో కరిగించి వెండి లవణం వేశారు. రంగు ముదిరింది, అడుగున బూడిద రంగులో వెండి పొడి చేరింది. ఒక ఎలక్ట్రాన్ పోయిందన్నది ఖాయం. ఇక నోట్‌బుక్ తీసి 'నికెల్(3+) వచ్చింది' అని రాసెయ్యాలనిపిస్తుంది. కాస్త ఆగండి. ఉమ్మడి కుటుంబంలో డబ్బు ఖర్చయితే అది పెద్దాయన జేబులోంచే పోయిందని చూడకుండానే చెప్పగలమా? ఇదీ అంతే. పోయిన ఎలక్ట్రాన్ నికెల్‌దా, దాన్ని పట్టుకుని ఉన్న అణువుదా, అంటే లిగాండ్‌దా అన్నది మీరింకా చూడలేదు.

అమోనియా, నీరు, క్లోరైడ్ లాంటి లిగాండ్లతో ఈ తలనొప్పి ఉండదు. కేటకాల్, అమైనోఫినాల్, ఫినాల్, డైథయోలీన్, పార్ఫిరిన్ లాంటివి వచ్చినప్పుడే చిక్కు. ఇవి తమంతట తామే ఎలక్ట్రాన్ ఇవ్వగలవు, తీసుకోగలవు. లోహం ఆక్సీకరణ స్థితిని నిస్సందేహంగా చెప్పనిచ్చే లిగాండ్‌ను 'ఇన్నోసెంట్' అనవచ్చని యోర్గెన్‌సెన్ 1966లో రాశాడు. అలా చెప్పనివ్వని వాటికి 'నాన్-ఇన్నోసెంట్' అన్న పేరు స్థిరపడిపోయింది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు చేతిలో పెట్టుకోదగ్గ వరుస ఇది. ఉదాహరణగా ఒకే లిగాండ్ తీసుకుందాం: ట్రాన్స్-1,2-డైఅమైనోసైక్లోహెక్సేన్‌కు రెండు 3,5-డైటెర్ట్‌బ్యూటైల్ సాలిసిలాల్డిహైడ్‌లు అతికించిన సాలెన్. మాంగనీస్‌తో కలిపి జాకబ్‌సెన్ ఎపాక్సీకరణకు వాడింది దీన్నే, కాబట్టి బజారులో దొరుకుతుంది. ఫినాల్ ఆక్సిజన్‌కు ఆర్థో, పారా స్థానాల్లో ఉన్న టెర్ట్‌బ్యూటైల్ గుంపులు రాడికల్‌కు (ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న రూపానికి) కాపలా. అవి లేకపోతే రెండు రాడికల్స్ ఒకదానికొకటి అతుక్కుని పోతాయి, మీరు కొలవడానికి ఏమీ మిగలదు.

ఇదంతా ఎందుకంటే

ఆల్కహాల్‌ను ఆల్డిహైడ్‌గా మార్చాలంటే రెండు ఎలక్ట్రాన్లు తీయాలి. రాగికి 2+, 1+ మధ్య తిరగడం సులువు. అంటే దాని వాటా ఒక్క ఎలక్ట్రానే. రెండోది ఎవరు తీస్తారు? గెలాక్టోజ్ ఆక్సిడేజ్ అనే శిలీంధ్ర ఎంజైమ్ దీనికి చక్కని దారి కనిపెట్టుకుంది. దాని కేంద్రంలో ఒకే ఒక్క రాగి అయాను ఉంటుంది. దాన్ని పట్టుకున్న టైరోసిన్-272, పక్కనున్న సిస్టీన్-228తో గంధకం ద్వారా అతుక్కుని ఉంటుంది. 1991లో వచ్చిన స్ఫటిక నిర్మాణంలో ఈ అతుకు స్పష్టంగా కనిపించింది. పని చేసే రూపంలో ఈ టైరోసిన్ ఒక రాడికల్. ఆల్కహాల్ వచ్చి రాగిని పట్టుకోగానే టైరోసిన్-495 ప్రోటాన్ తీసుకుంటుంది. రాడికల్ టైరోసిన్ కార్బన్ మీది హైడ్రోజన్ పరమాణువును లాగుతుంది. మిగిలిన ఎలక్ట్రాన్ రాగికి పోతుంది. ఆల్డిహైడ్ బయటికి వెళ్తుంది, ఆక్సిజన్ వచ్చి ఆ రెండు ఎలక్ట్రాన్లనూ తీసుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. లోహం ఒకటి, లిగాండ్ ఒకటి. మీరు తయారుచేసిన కేటలిస్ట్ కూడా ఇలాగే పనిచేస్తోందని పేపర్లో రాయాలనుకుంటే, ఎవరి వాటా ఎంతో చూపించాల్సిందే.

మొదటి పని: జింక్ జంటను తయారుచేయండి

నికెల్ కాంప్లెక్స్ మీద కొలతలు మొదలుపెట్టే ముందే అదే లిగాండ్‌తో జింక్ కాంప్లెక్స్ చేసి పెట్టుకోండి. చాలామంది దీన్ని చివరికి నెట్టేస్తారు, రివ్యూయర్ అడిగాక పరుగెడతారు. జింక్(2+)లో డీ ఆర్బిటాళ్లు నిండుగా ఉంటాయి, మనం వాడే వోల్టేజీల్లో అది ఎలక్ట్రాన్ ఇవ్వదు. కాబట్టి జింక్ కాంప్లెక్స్‌లో కనిపించే ప్రతి ఆక్సీకరణా లిగాండ్‌దే. నికెల్ కాంప్లెక్స్ కూడా దాదాపు అదే వోల్టేజీ దగ్గర ఆక్సీకరణం చెందితే లిగాండ్ మీద అనుమానం బలపడుతుంది.

ఒక జాగ్రత్త. సాలెన్‌లో నికెల్ చదునుగా కూర్చుంటుంది. జింక్‌కు ఆ ఆకారం నచ్చదు, ఐదో చేయి కోసం సాల్వెంట్‌నో పక్క అణువునో పట్టుకుంటుంది. అందుకని జింక్ వోల్టేజీని అంకెకు అంకె పోల్చకండి. వంద మిల్లీవోల్ట్‌ల తేడా వచ్చినంత మాత్రాన ఏదీ రుజువు కాదు.

రెండో పని: సైక్లిక్ వోల్టామెట్రీ

పొడి డైక్లోరోమీథేన్, 0.1 మోలార్ టెట్రాబ్యూటైల్ అమ్మోనియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్, గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్. పాతికేళ్ల నాటి పద్ధతులు చూసి పర్‌క్లోరేట్ లవణం వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాడితే దాన్ని పొడిగా వేడి చేయకండి, లోహపు స్పాటులాతో గీకకండి. అది పేలగలదు. నైట్రోజన్ పది నిమిషాలు పోనిచ్చి, ముందు ఖాళీ సాల్వెంట్‌కు ఒక స్కాన్ తీసుకోండి. ఆ తర్వాతే కాంప్లెక్స్ వేయండి. ఫెర్రోసీన్‌ను అన్నీ అయిపోయాక చివర్లో కలిపి, దాని వోల్టేజీని సున్నాగా లెక్కించండి. మొదట్లోనే కలిపితే దాని పీక్ మీ పీక్ మీద పడి గందరగోళం అవుతుంది.

స్కాన్ వేగం సెకనుకు 50 నుంచి 1000 మిల్లీవోల్ట్‌ల దాకా మార్చి చూడండి. ముందుకు వెళ్లిన పీక్, వెనక్కి వచ్చిన పీక్ ఎత్తులు సమానంగా ఉంటే ఆక్సీకరణం చెందిన రూపం నిలబడుతుందని అర్థం. రెండు పీక్‌ల మధ్య దూరం పుస్తకంలోని 59 మిల్లీవోల్ట్‌లు రాలేదని టెన్షన్ పడకండి. డైక్లోరోమీథేన్‌లో నిరోధం ఎక్కువ. అదే సెల్‌లో ఫెర్రోసీన్‌కు ఎంత వచ్చిందో మీ కాంప్లెక్స్‌కూ దాదాపు అంతే రావాలి, అంతవరకే.

ఇప్పుడు ఒక చుక్క పిరిడీన్ కలిపి మళ్లీ స్కాన్ చేయండి. వోల్టేజీ చెప్పుకోదగ్గంతగా కిందికి జరిగితే దాన్ని గుర్తుపెట్టుకోండి. ఆక్సీకరణం చెందిన రూపంలో నికెల్ పైనా కిందా పిరిడీన్‌ను పట్టుకుంటోందన్నమాట. ఈ సంగతి ఈపీఆర్ (ఒంటరి ఎలక్ట్రాన్లను పసిగట్టే కొలత) దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

మూడో పని: ఆక్సీకారిణి ఎంపిక

ఇక్కడ పొరపాట్లు ఎక్కువ. ఆక్సీకారిణి వోల్టేజీ మీ కాంప్లెక్స్ కంటే ఎక్కువ ఉండాలి, మరీ ఎక్కువ ఉండకూడదు. గది ఉష్ణోగ్రతలో ప్రతి 100 మిల్లీవోల్ట్‌ల తేడాకూ సమతాస్థితి స్థిరాంకం సుమారు 50 రెట్లు పెరుగుతుంది. 200 మిల్లీవోల్ట్‌లు చేతిలో ఉంటే 2400 రెట్లు. అంతకు మించి అక్కర్లేదు. మరీ బలమైనది వేస్తే రెండో ఎలక్ట్రాన్ కూడా లాగేస్తుంది, లేదా లిగాండ్‌నే విరిచేస్తుంది.

మన నికెల్ సాలెన్ డైక్లోరోమీథేన్‌లో ఫెర్రోసీన్‌కు పైన 0.4 వోల్ట్ చుట్టుపక్కల ఆక్సీకరణం చెందుతుంది. ఎసిటైల్‌ఫెర్రోసీనియం 0.27 దగ్గరే ఆగిపోతుంది, చాలదు. వెండి అయాను డైక్లోరోమీథేన్‌లో 0.65, సరిపోతుంది. అయితే అదే వెండి ఎసిటోనైట్రైల్‌లో 0.04 మాత్రమే. ఎసిటోనైట్రైల్ వెండిని గట్టిగా పట్టుకోవడం వల్ల దాని బలం అంతలా పడిపోతుంది. 'వెండి వేశాను, ఏమీ జరగలేదు' అని ఎవరైనా అంటే ముందు అడగాల్సింది సాల్వెంట్ ఏమిటని.

వెండితో ఇంకో ఇబ్బంది, అది ఎలక్ట్రాన్ తీసుకోకుండా ఫినాల్ ఆక్సిజన్‌కు అతుక్కుని కూర్చోగలదు. రంగు మారుతుంది, ఆక్సీకరణం మాత్రం జరగదు. లోహపు వెండి పొడి నిజంగా వచ్చిందా అన్నది చూడండి. సీలైట్ మీద వడకట్టి తీసేయండి, వెలుతురు తగలకుండా ఉంచండి.

టైట్రేషన్లకు నాకు నచ్చేది 'మ్యాజిక్ బ్లూ' అనే ట్రిస్(4-బ్రోమోఫినైల్)అమీనియం లవణం, 0.70 వోల్ట్‌లు. పని అయ్యాక దాని నుంచి వచ్చే అమీన్‌కు రంగు లేదు, కాంప్లెక్స్‌తో పెద్దగా తగువు పెట్టుకోదు. హెక్సాక్లోరోయాంటిమొనేట్ లవణం మాత్రం సీసాలో ఉండి ఉండి పాడవుతుంది. పాత సీసా అయితే తూకాన్ని నమ్మకండి. తెలిసినంత ఫెర్రోసీన్ తీసుకుని, నీలం రంగు మాయమవడం ఎక్కడ ఆగుతుందో చూసి అసలు బలం లెక్కగట్టండి.

నాలుగో పని: స్పెక్ట్రమ్ చూస్తూ టైట్రేషన్

ఒక సెంటీమీటర్ క్యువెట్‌లో 0.2 మిల్లీమోలార్ కాంప్లెక్స్ ద్రావణం 3 మిల్లీలీటర్లు తీసుకోండి. అందులో ఉన్నది 0.6 మైక్రోమోల్. మ్యాజిక్ బ్లూ 5 మిల్లీమోలార్ చేసుకుంటే ఒక తుల్యాంకానికి (ఒక్కో కాంప్లెక్స్ అణువుకు ఒక్కో ఆక్సీకారిణి) 120 మైక్రోలీటర్లు పడుతుంది. గ్యాస్‌టైట్ సిరింజితో 12 మైక్రోలీటర్ల చొప్పున వేస్తూ పోండి. ప్రతిసారీ కలిపి, ఒక నిమిషం ఆగి, స్పెక్ట్రమ్ తీయండి. వీలైతే ద్రావణాన్ని చల్లగా ఉంచండి, రాడికల్స్‌కు ఆయుష్షు పెరుగుతుంది.

పది సార్లు వేశాక గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. అన్నీ ఒకే బిందువుల గుండా పోతుంటే పాత రూపం, కొత్త రూపం, ఆ రెండే ఉన్నాయన్నమాట. 1.0 తుల్యాంకం దగ్గర మార్పు ఆగిపోవాలి. దాటాక 700–730 నానోమీటర్ల దగ్గర కొత్త పీక్ లేస్తే అది మీ కాంప్లెక్స్‌ది కాదు, మిగిలిపోయిన మ్యాజిక్ బ్లూది. ఆ తర్వాత ఒక తుల్యాంకం ఫెర్రోసీన్ వేసి వెనక్కి రప్పించండి. కాంప్లెక్స్ తాలూకు మొదటి పీక్‌లు తిరిగి వస్తేనే ఇప్పటిదాకా చూసింది ఎలక్ట్రాన్ మార్పిడి. రాకపోతే అణువు ఎక్కడో విరిగింది.

ఇక పీక్ ఎక్కడుందన్నది చూడాలి. ఫినాక్సిల్ రాడికల్ సాధారణంగా 400 నానోమీటర్ల చుట్టుపక్కల పదునైన పీక్ ఇస్తుంది. అసలు కథ మాత్రం ఇంకా దూరంలో, సమీప పరారుణంలో ఉంటుంది. మన నికెల్ సాలెన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ తీస్తే 2100 నానోమీటర్ల దగ్గర, అంటే 4700 సెం.మీ⁻¹ దగ్గర, చాలా బలమైన పీక్ వస్తుంది. రాడికల్ ఒక్క ఫినాల్ మీదే కాకుండా రెండింటి మీదా పరుచుకుని ఉందన్నది దాని అర్థం. మామూలు యూవీ-విజిబుల్ యంత్రం 1100 దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఇది మీకు కనిపించదు, కనిపించలేదు కాబట్టి లేదనుకుంటారు. పక్క డిపార్ట్‌మెంట్‌లో 2500 దాకా వెళ్లే యంత్రం ఉంటే బతిమాలైనా సరే ఒక పూట వాడుకోండి. సాల్వెంట్‌లోని సీ–హెచ్ బంధాల గీతలు కూడా ఆ ప్రాంతంలోనే పడతాయి, అదే సాల్వెంట్‌తో బేస్‌లైన్ తీయడం మరిచిపోవద్దు.

ఐదో పని: ఈపీఆర్, దాని మౌనం

డైక్లోరోమీథేన్ ఒక్కదాన్నే గడ్డకట్టిస్తే మంచి గాజులా రాదు, టొలుయీన్ కలపండి. 77 కెల్విన్ దగ్గర స్పెక్ట్రమ్ తీయండి. కార్బన్, ఆక్సిజన్ల మీద ఉన్న రాడికల్ అయితే జీ విలువ (గీత ఏ చోట వచ్చిందో చెప్పే అంకె) 2.00 దగ్గర ఇరుకైన గీత వస్తుంది. ఒంటరి ఎలక్ట్రాన్ నికెల్ మీద ఉంటే సగటు జీ 2.1 దాటుతుంది, గీత వెడల్పుగా, అసౌష్ఠవంగా ఉంటుంది.

మన నికెల్ సాలెన్ డైక్లోరోమీథేన్‌లో 2.04–2.05 ఇస్తుంది. అటూ ఇటూ కాని అంకె! చాలావరకు లిగాండ్ రాడికలే, కానీ కొంత భాగం నికెల్ మీదికి వాలింది. ఇప్పుడు అదే శాంపిల్‌లో పిరిడీన్ కలిపి గడ్డకట్టించండి. జీ విలువ 2.1 పైకి దూకుతుంది. పైనా కిందా రెండు పిరిడీన్లు పట్టుకోగానే ఎలక్ట్రాన్ లోటు లిగాండ్ నుంచి నికెల్‌కు మారిపోయి, నిజమైన నికెల్(3+) వచ్చేసింది. అణువు అదే, తీసిన ఎలక్ట్రాన్ల సంఖ్యా అదే, సాల్వెంట్ మారితే జవాబు మారింది. నోట్‌బుక్‌లో 'నికెల్(3+)' అని ఒక్క మాటలో తేల్చేయొద్దని మొదట్లో అన్నది దీనికే.

రాగితో కథ వేరేగా ఉంటుంది. రాగి(2+)కి ఈపీఆర్‌లో నాలుగు గీతల గుర్తు ఉంటుంది, దాని కేంద్రక స్పిన్ 3/2 కాబట్టి. ఆక్సీకరణం చేశాక ఆ గుర్తు మాయమవుతుంది. రాగి(3+) అయిపోయిందని సంబరపడకండి. ఒంటరి ఎలక్ట్రాన్లు లేని రాగి(3+) అయినా, రాగి(2+) ఒంటరి ఎలక్ట్రాన్‌కు లిగాండ్ రాడికల్ ఒంటరి ఎలక్ట్రాన్ ఎదురుగా జతపడినా ఫలితం ఒకటే, నిశ్శబ్దం. గెలాక్టోజ్ ఆక్సిడేజ్ పనిచేసే రూపం ఈపీఆర్‌కు కనిపించనిది ఈ రెండో కారణంతోనే. రెండు స్పిన్‌లు ఒకే దిక్కుగా జతపడితే కూడా మామూలు కొలతలో గుర్తు దొరక్కపోవచ్చు.

ఈ ఒకే దిక్కు జతను మిగతా రెండింటి నుంచి విడదీయడానికి ఎన్‌ఎంఆర్ గొట్టంలో అయస్కాంత గుణాన్ని కొలిచే ఇవాన్స్ పద్ధతి చాలా చవక. రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు ఒకే దిక్కుగా ఉంటే 2.83 బోర్ మాగ్నెటాన్ల దగ్గర వస్తుంది, ఎదురుగా జతపడినా, రాగి(3+) అయినా సున్నా వైపు పోతుంది. ఉష్ణోగ్రత మార్చి కూడా కొలవండి. ఇదే సాలెన్‌తో చేసిన రాగి కాంప్లెక్స్ నుంచి ఒక ఎలక్ట్రాన్ తీస్తే, ఘనరూపంలో రాగి(3+)గా ఉంటుంది. ద్రావణంలో గది ఉష్ణోగ్రత దగ్గర రాగి(3+), రాగి(2+)–రాడికల్ రెండూ సమతాస్థితిలో ఉంటాయి. చల్లబరిస్తే 3+ వైపు జరుగుతుంది. 77 కెల్విన్‌లో చూసినదాన్ని గదిలో జరిగే చర్యకు అంటగట్టకూడదు.

మీ కాలేజీలో ఈపీఆర్ లేకపోతే ఐఐటీ బాంబే, ఐఐటీ మద్రాసుల్లోని సైఫ్ (అందరూ వాడుకోదగ్గ పరికరాల) కేంద్రాల్లో బయటివాళ్ల శాంపిల్స్ తీసుకుంటారు. రాడికల్‌ను కొరియర్‌లో పంపకండి. లిక్విడ్ నైట్రోజన్‌లో మీరే పట్టుకెళ్లండి, లేదా అక్కడికి వెళ్లాకే ఆక్సీకరణం చేయండి.

ఆరో పని: స్ఫటికంలో బంధాల పొడవు

కేటకాల్ రకం లిగాండ్ అయితే ఇది దాదాపు తీర్పు లాంటిది. కార్బన్–ఆక్సిజన్ బంధం కేటకొలేట్‌లో సుమారు 1.35 ఆంగ్‌స్ట్రామ్‌లు, సెమీక్వినోన్‌లో 1.29, క్వినోన్‌లో 1.23. అంటే ఒక్కో ఎలక్ట్రాన్‌కు 0.06 తేడా. మీ కొలతలో అనిశ్చితి 0.01 ఉంటే దీన్ని నమ్మొచ్చు, 0.03 ఉంటే వదిలేయండి. గది ఉష్ణోగ్రతలో తీసిన డేటాతో కుస్తీ పట్టకుండా 100 కెల్విన్ దగ్గర తీయించండి. ఒక్క బంధాన్నే చూడకండి, ఆరు కార్బన్ల వలయం మొత్తం చూడండి. బెంజీన్‌లా సమంగా ఉందా, రెండు పొట్టి, నాలుగు పొడుగు బంధాలుగా విడిపోయిందా అన్నది కలిపి చదవాలి. నోటర్‌డామ్ యూనివర్సిటీకి చెందిన సేథ్ బ్రౌన్ 2012లో ఈ పొడవులన్నిటినీ కలిపి లిగాండ్ ఆక్సీకరణ స్థితిని ఒక అంకెగా చెప్పే పద్ధతి ఇచ్చాడు, అది వాడుకోండి.

సాలెన్‌తో మాత్రం స్ఫటికం అంత సాయం చేయదు. ఒక ఎలక్ట్రాన్ లోటు రెండు ఫినాల్‌ల మీద పరుచుకుంటే ఒక్కో బంధంలో మార్పు కొలత తప్పులోనే కలిసిపోతుంది.

ఏడో పని, వీలైతేనే: ఎక్స్-రే శోషణ

లోహాన్నే నేరుగా అడగాలంటే ఇది. రాగి(2+)కి 8979 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర చిన్న ప్రీ-ఎడ్జ్ పీక్ (శోషణ ఒక్కసారిగా పెరిగే అంచుకు ముందు వచ్చేది) ఉంటుంది, రాగి(3+)కి అది సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు పైకి, 8981 దగ్గరికి పోతుంది. మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో దీనికి బీమ్‌లైన్లు ఉన్నాయి, ప్రతిపాదన రాసి సమయం తీసుకోవాలి. ఒకే చోట వరసగా మూడు స్కాన్లు తీసి పోల్చండి. మూడోది మొదటిదానిలా లేకపోతే ఎక్స్-రేలే మీ శాంపిల్‌ను క్షయకరిస్తున్నాయి.

ఎలక్ట్రాన్లు ఎక్కడున్నాయో కంప్యూటర్‌లో అంచనా వేసే డీఎఫ్‌టీ లెక్కలు అన్నిటికన్నా చివర. ఏ ఫంక్షనల్ (లెక్కలో వాడే సూత్రం) తీసుకుంటే దానికి తగ్గ జవాబు వచ్చే ప్రమాదం ఈ అణువుల్లో ఎక్కువ. ప్రయోగం చెప్పినదాన్ని లెక్క తిరిగి ఇస్తోందా అని చూడటానికి వాడండి, ప్రయోగం బదులు వాడకండి.

ఎనిమిదో పని: పని చేయించి చూడండి

బెంజైల్ ఆల్కహాల్, గాలి లేదా ఆక్సిజన్, కొద్దిగా క్షారం, కేటలిస్ట్. బెంజాల్డిహైడ్ ఎంత వచ్చిందో గ్యాస్ క్రొమాటోగ్రఫీతో కొలవండి. మండే సాల్వెంట్ మీద స్వచ్ఛమైన ఆక్సిజన్ బెలూన్ పెట్టేటప్పుడు ఫ్యూమ్ హుడ్, తక్కువ పరిమాణం తప్పనిసరి. పెరాక్సైడ్ వస్తోందేమో టైటానియం ఆక్సీసల్ఫేట్‌తో చూడండి, పసుపు రంగు వస్తుంది.

కంట్రోల్ ప్రయోగాలు కనీసం ఇవి: లిగాండ్ లేకుండా లోహ లవణం ఒక్కటే, లోహం లేకుండా లిగాండ్ ఒక్కటే, జింక్ కాంప్లెక్స్. జింక్‌తో ఏమీ రాకపోతే లోహం తప్పనిసరిగా ఎలక్ట్రాన్ మోస్తోందని చాలామంది రాసేస్తారు. జింక్‌తో ఆల్డిహైడ్ వస్తే ప్రయోగం చెడిపోయిందని పారేస్తారు. రెండోది అసలు చేయొద్దు. వీఘార్ట్ బృందం 1999లో ఫినాక్సిల్ రాడికల్ ఉన్న జింక్ కాంప్లెక్స్ కూడా గాలితో ఆల్కహాల్‌లను ఆక్సీకరిస్తుందని చూపించింది. అక్కడ లోహం ఆల్కహాల్‌ను పట్టుకోవడానికే ఉంది, ఎలక్ట్రాన్ల పనంతా లిగాండ్ రాడికల్స్ చేశాయి. కాబట్టి జింక్ పనిచేసిందంటే మీకు దొరికింది ఒక సమాచారం. రాగితో వచ్చిన వేగంతో దాన్ని పోల్చి రాయండి.

హైడ్రోజన్ లాగడమే నెమ్మదైన మెట్టా అన్నది తేలాలంటే కార్బన్ మీద డ్యుటీరియం ఉన్న బెంజైల్ ఆల్కహాల్‌తో వేగం కొలవండి. ఎలక్ట్రాన్లు ఒకటొకటిగా పోతున్నాయా, రెండూ కలిసి పోతున్నాయా అన్నదానికి సైక్లోబ్యూటనాల్ వేసి చూడండి. సైక్లోబ్యూటనోన్ వస్తే రెండు ఎలక్ట్రాన్ల దారి, వలయం తెగి పొడుగు గొలుసు ఉత్పన్నాలు వస్తే ఒక ఎలక్ట్రాన్ దారి.

చర్య అయ్యాక ఫ్లాస్క్‌లో మిగిలినదాన్ని పారబోయకుండా మాస్ స్పెక్ట్రమ్ తీయండి. ఎలక్ట్రాన్లు ఇచ్చే లిగాండ్ ఆక్సిజన్‌కూ దొరికిపోతుంది. టెర్ట్‌బ్యూటైల్ ఊడిందా, ఇమీన్ బంధం నీటితో తెగి ఆల్డిహైడ్ బయటపడిందా, లిగాండ్‌లో ఒక ఆక్సిజన్ ఎక్కువైందా చూడండి. తర్వాత అదే ఫ్లాస్క్‌లో కొత్త ఆల్కహాల్ వేసి వేగం మళ్లీ కొలవండి. సగానికి పడిపోయిందంటే ఇంతసేపూ కొలిచిన సగటు వేగం మీ కాంప్లెక్స్‌ది కాదు, దాని శిథిలాలతో కలిపిన లెక్క. అప్పుడు మొదటి పది శాతం మార్పిడి లోపల వచ్చిన వేగాలు మాత్రమే పట్టికలో పెట్టండి. ప్రతి వరుస పక్కన సాల్వెంట్, ఉష్ణోగ్రత, ఏ కొలతతో ఏ రూపాన్ని చూశారో కూడా రాయండి.